భీముడు గుడ్లు పెట్టాడు: బియర్డెడ్ డ్రాగన్‌తో ఆరేళ్లు

మా అబ్బాయి పోరు పడలేక ఆరేళ్ల క్రితం డాలస్‌లో బియర్డెడ్ డ్రాగన్ పిల్లను తెచ్చుకున్నాం. అప్పటికి జానెడు కూడా లేదు. భీముడని పేరు పెట్టాం. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ చూసి, "ఇంత డబ్బు పోసి తొండని కొన్నారటే?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పుట్టిల్లు ఆస్ట్రేలియా ఎడారులే అయినా, ఇదీ మన కంచెల మీది తొండా ఒకే కుటుంబం, దాని పేరు అగామిడే. తలూపడం కూడా అచ్చం అదే. చిన్నప్పుడు తొండ తలూపితే మమ్మల్ని వెక్కిరిస్తోందని రాళ్లేసేవాళ్లం. పాపం, అది "ఇది నా చోటు" అని చెప్పుకుంటోందన్నమాట.

పిల్లగా ఉన్నప్పుడు భీముడు ముందుకాలు ఒకటి ఎత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పేవాడు. టాటా చెబుతున్నాడని వీడియోలు తీసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపాం. "నేను చిన్నవాణ్ణి, నన్నేం చెయ్యకండి" అని దాని అర్థమట. మేమేమో నవ్వుతూ ఇంకా దగ్గరికి వెళ్లేవాళ్లం!

ఇన్నేళ్లకు నాకు తెలిసిందేమిటంటే, వీడి వేషాల్లో సగం వేడి లెక్కలే. పొద్దున లైటు వెయ్యగానే రాయెక్కి, పెనం మీద దోసెలా ఒళ్లు పరుస్తాడు. వేడిని లాక్కోవడానికి వీపు ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది. అరగంటకి అదే వీపు లేత పసుపు. రాయి మీద 40 డిగ్రీలుంటే కాసేపటికి నోరు తెరుచుకుని కూర్చుంటాడు. దాహమేమోనని మొదట్లో డ్రాపర్‌తో నీళ్లు పోసేదాన్ని. ఎక్కువైన వేడిని వదిలేస్తున్నాడంతే. చల్లటి మూలన కూర్చుని కూడా నోరు తెరుస్తుంటే, ఊపిరి చప్పుడవుతుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

వీడి గొంతు కింద ముళ్లముళ్లుగా ఉండే చర్మాన్నే గడ్డమంటారు. అది నల్లబడితే కోపమంటారు. మావాడికి ఎక్కువసార్లు అది భయమే. వీడికి మూడో కన్నుంది. శివుడిలా నుదుటన కాదు, నడినెత్తిన పొలుసు కింద. దానికి బొమ్మలు కనిపించవు, వెలుగూ నీడా తెలుస్తాయి. పైనుంచి చెయ్యి దించితే వాడికది గద్ద నీడే. ఇప్పుడు పక్కనుంచి వెళ్లి అరచేయి పొట్ట కిందికి జరుపుతాను. గడ్డం నల్లబడి చాలా రోజులైంది.

రెండో నెలలో ట్యాంకు గాజుగోడకు పొట్ట ఆనించి నిలబడి గంటలకొద్దీ గీకేవాడు. బయటికి రావాలని సరదా పడుతున్నాడనుకున్నాం. గాజులో కనిపించే తన ప్రతిబింబాన్నే ఇంకో డ్రాగన్ అనుకుని టెన్షన్ పడుతున్నాడు. మూడు వైపులా చార్ట్ పేపర్ అంటించి, నాలుగడుగుల ట్యాంకుకు మార్చాక వారంలో మానేశాడు. కొన్నచోట "ఇది చాలు" అని అంటగట్టిన చిన్న చుట్టబల్బునీ అప్పుడే తీసేసి, పొడుగాటి యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కాంతి) ట్యూబు పెట్టాం. అదీ ఏడాదికోసారి మార్చాల్సిందే. వెలుగు వస్తూనే ఉంటుంది గానీ యూవీబీ తగ్గిపోతుంది.

మొదటి చలికాలం మాత్రం నాకు నిద్ర లేదు. తిండి మానేసి దుంగ కిందికి దూరాడు. చచ్చిపోతున్నాడని ఏడుస్తూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. పురుగుల పరీక్ష చేసి, ఏమీ లేవు, చలికాలపు నిద్ర అన్నారు. వారానికోసారి వంటింటి కాటా మీద తూచేదాన్ని. 412 గ్రాములున్నవాడు రెండు నెలలకి 405. అలా కాక బరువు జారిపోతుంటే అది నిద్ర కాదు, జబ్బు.

మూడో ఏడు వేసవిలో ఇసుక పెట్టెలో మోచేతి లోతున గొయ్యి తవ్వి పందొమ్మిది గుడ్లు పెట్టాడు. మగతోడు లేకుండానే! ఫోన్లో చెబితే అమ్మ, "పుంజు లేకుండా కోడి పెట్టట్లేదూ?" అంది. పేరు మార్చలేదు. "వాడు" అనడం కూడా పోలేదు.

కొనాలనుకునేవాళ్లకి: డ్రాగన్ కంటే లైట్లూ ట్యాంకూ ఎక్కువ ఖరీదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. పదేళ్ల పైన బతికే జీవి. మాలాగా ఏటా ఆరు వారాలు ఇండియా వెళ్లేవాళ్లైతే, ముందు వీడికి మేతగా వేసే బొద్దింకలు చూసి కెవ్వుమనని పక్కింటివాళ్లను వెతుక్కోండి.