మాఘంలో కొన్న బట్టల్లో చైత్రం దాకా పనికొచ్చినవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, మా శ్రీకాకుళంలో అది పోతూ పోతూ నాలుగైదుసార్లు వెనక్కి తిరిగి చూస్తుంది. ఫిబ్రవరిలో తెల్లారి ఐదున్నరకి స్కూటీ మీద నాగావళి వంతెన ఎక్కితే మంచులో ఎదుటి ఆటో లైటు తప్ప ఏమీ కనబడదు. ఏడున్నరకి అదే వంతెన మీద తిరిగొస్తుంటే మెడ వెనక సుర్రుమంటుంది. ఈ రెండు గంటలకీ ఒకే జత సరిపోవాలి.

2023 సంక్రాంతి వెళ్లాక పరుగు మొదలుపెట్టాను. వయసు నలభై దాటింది, ఆడమనిషిని. వారానికి నాలుగు రోజులు 80 అడుగుల రోడ్డు పక్కన బండి పెట్టి, అరసవల్లి వైపు వెళ్లి రావడం. కొంత పరుగు, కొంత నడక. అప్పట్నుంచి కొన్నవాటి సంగతి ఇది.

మొదట కొన్నది విండ్‌చీటర్, 1,299 రూపాయలు. ‘గాలి ఒక్క పిసరు చొరదమ్మా’ అన్నాడు కొట్టాయన. నిజమే, చొరలేదు. లోపలి ఆవిరికి పోయే దారీ లేదు. మొదటి రోజు గుడి ఆర్చీ దాకా వెళ్లి జిప్పు తీస్తే చేతుల లోపలంతా తడి, ఎవరో మగ్గుతో నీళ్లు పోసినట్టు. నడుముకి కట్టుకుంటే అడుగడుక్కీ మోకాళ్లకి తగులుతుంది. రెండో ఏడాదికి లోపలి పూత పొలుసులుగా రాలడం మొదలైంది. బండి మీద వేసుకోడానికి మంచిదే, పరుగుకి మాత్రం డబ్బు దండగ.

టీషర్టులు రెండు రకాలు వాడాను. కాటన్‌ది మెత్తగా ఉంటుంది, వేసుకోగానే హాయి. కానీ పత్తి మామూలుగానే తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. లెక్క వదిలేసినా దండెం చెబుతుంది: మార్చి నెలలో కాటన్ టీషర్టు పిండితే ధార కట్టింది, మధ్యాహ్నానికి గానీ ఆరలేదు. దుకాణాల్లో డ్రైఫిట్ అని అమ్మే పల్చటి పాలిస్టర్‌ది నేను టిఫిను తిని లేచేలోపు ఆరిపోయింది. 349 రూపాయలది. ఖరీదైనది కూడా ఒకటి కొని చూశాను, కుట్టు తప్ప పెద్ద తేడా కనబడలేదు. చవకదానికి చంక దగ్గర కుట్టు లావుగా ఉండి ఒరుసుకుంటుంది, కాస్త కొబ్బరినూనె రాసుకుంటే సరి.

అయితే ఒక మాట. చెమట ఇట్టే ఆరిపోతుందని ఆ టీషర్టుల అట్టల మీద రాసినంత మాయ మన దగ్గర జరగదు. చెమట ఆరాలంటే చుట్టూ గాలి పొడిగా ఉండాలి. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఉగాది వెళ్లాక పొడిగాలి ఎక్కడిది? గాలి కదలని రోజు డ్రైఫిట్ కూడా ఒంటికి అతుక్కునే ఉంటుంది. బరువెక్కదు, అంతే.

దాని అసలు జబ్బు వాసన. రెండు నెలలకే, ఉతికినదైనా ఒళ్లు వేడెక్కగానే పాత చెమట కంపు లేచేది. కంపు పోతుందని కంఫర్టు పోసి నానబెట్టాను, ఇంకా చెడింది. అది దారాల మీద జిడ్డు పొరలా పట్టేసి చెమటని ఒంటి మీంచి బయటికి లాగే గుణాన్నే తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంటికి రాగానే తిరగేసి చన్నీళ్లలో జాడించి, నీడన ఆరేస్తాను. లెగ్గింగ్స్‌కీ ఇదే పద్ధతి, రోజూ మండుటెండలో ఆరేసిన నా మొదటి జత మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడింది.

లెగ్గింగ్స్ అంటే గుర్తొచ్చింది. మొదటి వారం ఎదురింటి పెద్దమ్మ ‘ఏటమ్మా, చున్నీ మర్సిపోనావేటి?’ అంది. నెల రోజులు పైన కుర్తీ వేసుకుని పరుగెత్తాను. తొడలకి చుట్టుకుని ఓసారి బోర్లా పడబోయాక కుర్తీ మానేశాను, తొడల దాకా వచ్చే పొడుగు టీషర్టు కొనుక్కున్నాను. పెద్దమ్మ ఇప్పుడు తన కూతురికి ఏ సైజు కొనాలో అడుగుతోంది. జేబు ఉన్నదే కొనండి. బండి తాళం గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తడం నరకం.

రంగు విషయంలో బూడిద రంగు వద్దే వద్దు, చెమట పటం గీసి చూపిస్తుంది. తెలుపు ఇంకా ప్రమాదం. కిందటి ఏప్రిల్లో సాయంత్రం పూట వెళ్లినరోజు ఈదురుగాలి లేచి, ఉరుములతో వాన దంచింది. తెల్ల టీషర్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఒక కొట్టు చూరు కింద చేతులు కట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాను. ముదురు నీలం, మెరూన్ తప్ప ఆ తర్వాత కొనలేదు.

ఇన్నాళ్లకి నాకు అర్థమైంది: చలికి బట్ట కావాల్సింది పరుగుకి ముందు కాదు, తర్వాత. బయల్దేరేటప్పుడు కొంచెం వణికినా పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఆగాక తడి టీషర్టుతో బండెక్కి వంతెన మీద నదిగాలికి దొరికితే మాత్రం రొమ్ము పట్టేస్తుంది. దీనికి విండ్‌చీటర్ వేసుకుంటే తడి లోపలే ఉండిపోయేది. చివరికి పనికొచ్చింది నాన్న పాత పొందూరు ఖద్దరు చొక్కా. వాలుగ చేప దవడతో దువ్విన కొండపత్తి, చేత్తో వడికిన నూలు. పల్చగా ఉండి కూడా చెమటని తాగేస్తుంది, గాలికి ఒళ్లు ఝల్లుమననివ్వదు. పరుగుకి పనికిరాదు, ప్రయత్నించాను, తడిశాక భుజాల మీద బరువుగా వేలాడింది. బండి డిక్కీలో మడతపెట్టి ఉంచుతాను. పై గుండీ ఊడి రెండేళ్లయింది, ఇంకా కుట్టలేదు.