ఆవకాయ జాడీ ముక్కలతో తులసికోట: ఉండవల్లి దారిలో ఒక సిమెంటు శిల్పుల షెడ్డు

మా అమ్మ ఆవకాయ జాడీ ఇప్పుడు మా తులసికోట మీద ఉంది. ముప్పై ఏడు ముక్కలుగా, నాలుగు పక్కలా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడలోని మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మేం పై వాటా ఎక్కి కూర్చున్నాం. కింద వంటింట్లో ఫ్రిజ్ తేలి, ఒరిగి, గూటి మీద పడింది. జాడీ అక్కడే ఉంది. వాకిట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ కుండీలు ఎటు కొట్టుకుపోయాయో తెలీదు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోస్తుంటే పింగాణీ పెంకులు ఒక్కొక్కటే కనిపించాయి. ఏరి, కడిగి, కవర్లో మూటగట్టి అటక మీద పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు.

ఆ ఏడాదే రోడ్డు పక్కన ఒకచోట రంగులు చూసి సిమెంటు తులసికోట కొన్నాను. ఆరు నెలలకే ఓ మూల ఊడిపోయింది. లోపల జాలీ లేదు, ఊచ లేదు. వేలితో గీరితే ఇసుక రాలుతోంది. కాబట్టి మా చెల్లెలు ఈ షెడ్డు గురించి చెప్పినప్పుడు నాకు పెద్దగా నమ్మకం కలగలేదు.

ప్రకాశం బ్యారేజీ దాటి, కుడిచేతి వైపు ఉండవల్లి గుహలకు వెళ్లే దారిలో ఉంటుంది. బోర్డు లేదు. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, దాని కింద సైకిల్ గొలుసులతో చేసిన కొంగ నిలబడి ఉంటుంది, అదే గుర్తు. నడిపేది భార్యాభర్తలు. ఆయన తెనాలిలో విగ్రహాలు చేసేచోట పదేళ్లు పని నేర్చుకున్నాడట. ఊచలు వంచడం, వెల్డింగు, మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) వేయడం ఆయన పని. పెంకులు అతకడం, రంగులు, పూల నగిషీ ఆమెది. ఇద్దరూ ముప్పై అయిదు దాటినవాళ్లు కాదు.

నేను వెళ్లిన పొద్దున ఆమె చేమాకుతో తొట్టి పోస్తోంది. పని మొదటి నుంచి చివరిదాకా అరుగు మీద కూర్చుని చూశాను. తడి ఇసుకను గంప బోర్లించినట్టు కుప్ప చేసి, మీద పాలిథిన్ కాగితం పరిచింది. దాని మీద చేటంత చేమాకును ఈనెలు పైకి వచ్చేలా బోర్లా పరిచింది. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక. మాలును ముద్ద చేసి గుప్పిట్లో పిసికితే చుక్క నీరు కారకూడదట. నడుమ అంగుళం మందం, అంచుకు వచ్చేసరికి అర అంగుళం. తాపీ పక్కన పెట్టి, అంచును మాత్రం బొటనవేలితోనే నొక్కుకుంటూ ఆకు చుట్టూ తిరిగింది. ఆకు ఎక్కడ మెలి తిరిగితే వేలూ అక్కడే మెలి తిరిగింది. రెండ్రోజుల తర్వాత తిప్పి ఆకు ఒలిచేస్తే, లోపల ఈనెలన్నీ సన్నటి గాడులై కనిపిస్తాయి. ముందురోజు తిప్పిన తొట్టి ఒకటి పక్కనే ఉంది. దాని కొసన చిన్న పురుగు కొరికిన కన్నం కూడా అచ్చయింది. "దాన్ని పూడ్చేస్తారా అమ్మా?" అని అడిగాను. "లేదు టీచరుగారూ, ఆకుకి ఉన్నది దీనికీ ఉండాలి కదండీ" అంది. అప్పుడే నేను కవరు తీసి జాడీ ముక్కలు ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె వాటిని నేల మీద పరిచి తెల్లవి ఒకవైపు, మూతి దగ్గరి గోధుమరంగువి ఒకవైపు పెట్టింది. పదునుగా ఉన్న అంచుల్ని సానరాయి మీద రుద్దింది. ఒక ముక్కకు లోపలివైపు ఇంకా ఎర్రగా నూనె మరక ఉంది. "ఇది కడగొద్దా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ ముక్కను తూర్పు పక్కన లోపలివైపు పైకి కనిపించేలా అతికింది. నేను అడగకుండానే.

కోట నిర్మాణం ఆయన నాకు విప్పి చెప్పాడు. ముందు ఆరు ఎం.ఎం. ఊచలతో పంజరం, దాని చుట్టూ కోళ్ల జాలీ రెండు వరసలు, ఆ జాలీలోకి చొచ్చుకుపోయేలా మాలు. ఊచ మీద కనీసం అర అంగుళం పూత లేకపోతే తేమ తగిలి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. అయితే నా పాత కోటలో తుప్పు పట్టడానికి ఊచే లేదు. అది ఊడిపోవడానికి కారణం వేరని ఇక్కడే తెలిసింది. పోసిన మర్నాడే ఎండలో పెట్టి అమ్మేసి ఉంటారు. "సిమెంటు ఎండితే గట్టిపడదండీ, నీళ్లు తాగితే గట్టిపడుతుంది" అన్నాడు. బెజవాడ మే నెల ఎండలో, నలభై నాలుగు డిగ్రీల్లో, నీళ్లు పట్టని సిమెంటు పైన రాయిలా కనిపించినా లోపల పిండే. వీళ్లు ప్రతి వస్తువునూ తడి గోనెపట్టాలు చుట్టి పధ్నాలుగు రోజులు నీడలో ఉంచుతారు. ఇరవై ఎనిమిది రోజులు నిండితే గానీ ఇవ్వరు. నేను మా మనవడి అన్నప్రాసనకి కావాలని ఎంత బతిమాలినా ఇవ్వలేదు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ మొండితనం చూసే నలుగురికీ చెబుతున్నాను.

కోట నాలుగు ముఖాల్లో రెండింటి మీద పద్మాలున్నాయి, అమరావతి స్తూపం పలకల మీద ఉండే గుండ్రటి పద్మాలు. ఆయన అమరావతి మ్యూజియంలో నిలబడి పుస్తకంలో గీసుకొచ్చిన బొమ్మలు చూపించాడు. ఆ శిల్పాలు మద్రాసు మ్యూజియంలోనూ, లండన్‌లోనూ ఉన్నాయని మేం పిల్లలకు పాఠంలో చెప్పేవాళ్లం. ఆ రేకుల వరస మా వాకిట్లో, మా అమ్మ జాడీ పెంకుల పక్కన రోజూ కనబడుతుంటే నాకు కలిగే ఆనందాన్ని ఎలా చెప్పాలో తెలీదు.

ఇక ఇబ్బందుల సంగతి. చెప్పిన తేదీకి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. వానలు పడ్డాయి, రంగు ఆరలేదు అన్నారు. నిజమే కావచ్చు, కానీ ఆ మాట ఫోన్ చేసి ముందే చెప్పాల్సింది. పనిలో ఉంటే చేతులకు మాలు ఉంటుంది కాబట్టి ఫోన్ ఎత్తరు. సాయంత్రం ఆరు తర్వాత చేస్తేనే మాట్లాడతారు. చేమాకు తొట్టి ఆటోలో కుదుపుకి కొస దగ్గర చిట్లింది. మర్నాడే ఆయన వచ్చి అతికి వెళ్లాడు, డబ్బు తీసుకోలేదు, అయినా దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది. ఎర్ర ఆక్సైడు పూసిన మెట్టు మీద మొదటి వానకి తెల్లటి పొర వచ్చింది. సిమెంటులోని సున్నం పైకి వస్తుందట, బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోయింది. అదే సున్నం మొక్కకీ, తొట్లో పెంచే చేపలకీ మంచిది కాదు. కోటకి అడుగున కన్నం మూసి, నీళ్లు నింపి, రోజూ పారబోసి మళ్లీ నింపమన్నారు. పది రోజులు అలా చేశాకే తులసి నాటాను. కొన్నవాళ్లు ఈ పని మాత్రం తప్పనిసరిగా చేయాలి.

ధరలు: తులసికోట ఆరున్నర వేలు, చేమాకు తొట్టి తొమ్మిది వందలు, ఆటోకి ఏడు వందలు. రోడ్డు పక్కన సిమెంటు కోట రెండు వేలకి దొరుకుతుంది. నేను రెండు వేలు ఒకసారి పోగొట్టుకున్నాను కాబట్టి ఈ ఆరున్నర వేలు నాకు ఎక్కువ అనిపించలేదు. ఇద్దరు మనుషులు దాదాపు పన్నెండు రోజులు చేసిన పని అది. బేరం ఆడితే వాళ్లు వద్దనరు, ముఖం చిన్నబుచ్చుకుంటారు. దయచేసి ఆడకండి.

సైకిల్ గొలుసుల కొంగ కూడా అడిగాను, రెండు వేల ఎనిమిది వందలు. ముక్కు, రెక్కల అంచులు పదునుగా ఉన్నాయి, ఏటా ఒకసారి రంగు వేయాలి. మనవడు పాకుతున్నాడు కాబట్టి వద్దనుకున్నాను. పిల్లలు లేని ఇంటికైతే చాలా బాగుంటుంది. బరువు మోయలేని డాబా మీదకైతే సిమెంటులో కొబ్బరి పొట్టు, పెర్లైటు (తెల్లటి తేలిక రాతి గుళికలు) కలిపి తేలిక తొట్లు చేస్తారు. అవి నేను వాడలేదు, ఎత్తి చూశాను, ఒంటి చేత్తో లేచింది.

వెళ్లేవాళ్లు పొద్దున ఎనిమిది, పది మధ్య వెళ్లండి, పోత పని అప్పుడే చూడొచ్చు. పగిలిన కప్పులు, గాజులు, టైల్సు ముక్కలు మీ ఇంట్లో ఉంటే గోనెసంచిలో పట్టుకెళ్లండి. మా వీధిలో ఇంకో ఇద్దరు వరదలో పగిలిన సామాను దాచుకున్నారు. వాళ్లను వచ్చే ఆదివారం నేనే తీసుకెళ్తున్నాను.