వయేహో డార్క్ ప్రష్యన్ బ్లూ: నెపోలియన్ సైనికుల కోటుకు సరైన నీలం

నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ పదాతి దళం బొమ్మలు, 1/72 స్కేల్‌వి (అంటే అసలు సైజులో 72వ వంతు), రెండేళ్లుగా పోగుచేసి రంగులేస్తున్నాను. ఈ స్కేల్‌లో మనిషి నిలువునా 24 మిల్లీమీటర్లు, అంగుళం కూడా ఉండడు. అంత చిన్న కోటు మీదే గుండీలు, తోలు పట్టీలు, మడతలు అన్నీ ఉంటాయి, పెయింట్ కాస్త చిక్కగా పడిందా అన్నీ పూడిపోతాయి. అందుకే స్పెయిన్ కంపెనీ వయేహో వాళ్ల ‘మోడల్ కలర్’ అనే పెయింట్ల వరసలో ఈ 70.899 నంబరు నీలం నాకు ఇంతగా నచ్చింది.

ఇది నీళ్లతో కలిసే యాక్రిలిక్. నా దగ్గరున్నది 17 మి.లీ. డ్రాపర్ సీసా, చుక్కలు లెక్కపెట్టి వేసుకోవచ్చు. రెండు చుక్కల పెయింట్‌కి ఒక చుక్క నీళ్లు కలిపి పల్చగా రెండుసార్లు వేస్తే, ఆరాక మెరుపు లేకుండా ఉన్నిబట్టలా కనిపిస్తుంది. ముందు సీసాను బాగా ఆడించడం మాత్రం మరిచిపోకండి. అలాగే ఇంత చిన్న బొమ్మ మీద ఈ రంగు ఒక్కటే వేస్తే దాదాపు నలుపులా ఉంటుంది, నేను కొంచెం లేత నీలం కలిపి భుజాల మీద, మోచేతి మడతల మీద మళ్లీ వేస్తాను, అప్పుడే కోటుకి ప్రాణం వస్తుంది. ఛాతీ మీది తెల్ల పట్టీలకు నేరుగా తెలుపు వేయొద్దు, నీలం తొంగిచూస్తుంది, ముందు లేత బూడిద రంగు వేయండి.

ఈ కోటు నీలానికి పెద్ద కథే ఉంది. బ్రిటన్‌తో యుద్ధం వల్ల సముద్రం మీద నీలిమందు రావడం కష్టమై, 1806లో కొన్ని రెజిమెంట్లకు తెల్లకోట్లు ఇచ్చి చూశారు, తర్వాత మళ్లీ నీలానికే వచ్చారు. ఆ శతాబ్దంలో మన కడప వైపు రైతులూ నీలిమందు పండించారు, అది తెలిశాక ఈ రంగు వేస్తుంటే పరాయి దేశపు కోటులా అనిపించడం లేదు నాకు.

1808 నుంచి బెటాలియన్‌కి 6 కంపెనీలు, అందులో నాలుగు ఫ్యూజిలియర్లవి, అంటే మామూలు పదాతి సైనికులవి. వాళ్ల టోపీ మీది కుచ్చు వరసగా ఆకుపచ్చ, ఆకాశనీలం, నారింజ, ఊదా, దాన్నిబట్టే ఎవరు ఏ కంపెనీయో తెలుస్తుంది. ఈ కుచ్చులు వేసేటప్పుడే నాకు అన్నిటికన్నా సంతోషం.

మొదటి పెట్టె బొమ్మల్ని కడక్కుండా, ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందు వేసే పూత) లేకుండా మొదలుపెట్టేశాను, మెత్తటి ప్లాస్టిక్ కదా, తుపాకీ కొంచెం వంగగానే రంగు పెచ్చులూడింది, వారం పని పోయి చాలా బాధేసింది. ఇప్పుడు గిన్నెల సబ్బుతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, ప్రైమర్ వేసి, చివర్లో మ్యాట్ వార్నిష్, అంటే మెరవని రక్షణ పూత వేస్తున్నాను, ఒక్కటీ ఊడలేదు. బాయినెట్ (తుపాకీ చివరి కత్తి) వంగి వస్తే వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి.

కొత్తవాళ్లు పెద్ద సెట్ కొనక్కర్లేదు. ఈ నీలం, ఒక లేత నీలం, తెలుపు, ఎరుపు, నలుపు, బూడిద, తోలు రంగు, చర్మం రంగు చాలు, కుచ్చుల రంగులు తర్వాత చూసుకోవచ్చు. నా సీసాతో 40 మందికి కోట్లు వేశాను, ఇంకా సగం పైనే ఉంది.