కపిలతీర్థం రోడ్డు మెస్సులో నిదానంగా తిన్న సంగటి

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డు దగ్గరున్న ఒక చిన్న మెస్సులో గతవారం, ఫోను సంచిలో పెట్టేసి, రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) తిన్నాను. వార్తలు చూస్తూ పది నిమిషాల్లో ముగించే భోజనానికి ఆ రోజు అరగంట పట్టింది. సంగటిని నమలకుండా మింగడమే మన పక్క అలవాటు. అయినా రెండు కబళాలు పనిగట్టుకుని నమిలి చూస్తే, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల కాబోలు, రాగుల వగరు వెనుక సన్నని తీపి తెలిసింది. ఊరిబిండిలోని వేయించిన ఎండుమిరప వాసన మాత్రం మింగిన తరువాతే, గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరి, చాలాసేపు నిలిచింది. అదే శ్రద్ధ పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతినీ పట్టించింది. టీవీ మోత తగ్గిస్తే బాగుండును. ఎప్పుడూ అడిగే రెండో సంగటి ముద్ద అడగకపోయేసరికి వడ్డించే అతనే వచ్చి, ‘ఏం సార్, బాగలేదా?’ అన్నాడు.