చలికాలంలో కోడిపిల్లలకు వేడి: తల్లికోడా, బల్బా, కుంపటా?

మా ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. పెద్ద కోళ్ల గురించి నాకు టెన్షన్ లేదు, వాటి ఒంటి వేడే 41 డిగ్రీల దాకా ఉంటుంది, పైన ఈకలు, ఇక ఈదురుగాలి నేరుగా కొట్టకుండా, కింద ఊక తడవకుండా చూస్తే చాలు. గొడవంతా పిల్లలతోనే. ఒక్క రోజు వయసు పిల్లకి మొదటి వారం 35 డిగ్రీల దగ్గర వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు.

పది పన్నెండు పిల్లలే అయితే నేను తల్లికోడి తప్ప ఇంకోటి ఆలోచించను. చలేస్తే పిల్లే రెక్క కిందికి దూరుతుంది, ఉక్కపోస్తే తనే బయటికొస్తుంది. కొన్న పిల్లల్నైనా దానికి అంటగట్టొచ్చు: రెండు మూడు వారాలుగా పొదుగు మీదున్న నాటుపెట్ట కింద, రాత్రి చీకట్లో, గుడ్లు తీసేస్తూ ఒక్కో పిల్లనీ లోపలికి తోయాలి. పగలు పెడితే పొడిచేస్తుంది. తెల్లారగానే వెళ్లి చూడండి, దేన్నైనా పొడుస్తుంటే దాన్ని వెంటనే తీసేయాలి. చిక్కల్లా పిల్లలొచ్చే రోజుకి పెట్ట పొదుగులో ఉండాలి కదా! వనరాజా, గ్రామప్రియ పెట్టల్ని ఇందుకు నమ్ముకోకండి, రాజేంద్రనగర్‌లో తయారుచేసిన ఆ రకాలు గుడ్లయితే పెడతాయి గానీ పొదగడానికి కూర్చోవు.

పాతిక దాటితే బల్బే. పిల్లకి రెండు వాట్లని లెక్క, చలికాలం ఇంకాస్త ఎక్కువే వేసుకోవాలి. ఎల్ఈడీ పనికిరాదు, వెలుగే తప్ప పిల్లలకి చాలినంత వేడి రాదు. ఆ పాత గుండు బల్బు కోసం ఇప్పుడు నాలుగు షాపులు తిరగాలి. ఒక్క వంద వాట్లది కాకుండా అరవైవి రెండు పెట్టండి, ఒకటి మాడినా రెండోది ఉంటుంది. పిల్లలు బల్బు కింద కుప్పపడితే బల్బుని కిందికి దించాలి, నోళ్లు తెరిచి అంచులకి పోతే పైకెత్తాలి. అసలు భయం కరెంటుతో. ఒక ఏడు అర్ధరాత్రి పోయిన కరెంటు తెల్లారేదాకా రాలేదు, పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగున తొమ్మిది ఊపిరాడక చచ్చిపోయాయి. చలికి కాదు, తొక్కిడికి. అప్పట్నుంచి వేణ్నీళ్లు పోసిన సీసాల్ని గోనెలో చుట్టి మధ్యలో పెట్టడానికి సిద్ధంగా ఉంచుకుంటున్నా.

కుంపటి మాత్రం వద్దు. చవకే, మా ఇంట్లో పెద్దవాళ్లు పెట్టేవాళ్లు కూడా, కానీ వాళ్ల తడికల గూటికి నాలుగు వైపులా సందులుండేవి. ఇప్పుడు మనం బరకాలు నేలదాకా బిగించి కడుతున్నాం, లోపల బొగ్గులు పెడితే వచ్చే విషవాయువుకి వాసనుండదు, పైగా కింద ఊక, ఒక్క నిప్పురవ్వ చాలు. అన్నట్టు, కుంపటి లేకపోయినా బరకం పైన జానెడు ఖాళీ వదలండి. రెట్ట ఘాటు, తేమ పోకపోతే పిల్లలకి గురక మొదలవుతుంది.

ఈసారి ముప్పై పిల్లలకి చెప్పాను. ఒక నాటుపెట్ట పొదుగు మీదుంది, పన్నెండు దాని కిందికి, మిగతావి బల్బుల కిందికి.