మగ కుక్క వీర్యం నిల్వ చేయించాలనుకునేవారికి

మా భీముడు గ్రేట్ డేన్. ఈ జాతిలో పదేళ్లు బతికేవి అరుదు. వయసు మీదపడి ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బితే వీర్యం నాణ్యత కూడా పడిపోతుంది. అందుకే వాడు వయసులో ఉండగానే నిల్వ చేయించాలని కుక్కల వీర్యాన్ని గడ్డకట్టించి దాచే ఒక కేంద్రానికి తీసుకువెళ్లాను.

నన్ను కట్టిపడేసింది డాక్టరమ్మగారి పట్టింపు. కుక్క వీర్యం మూడు భాగాలుగా వస్తుంది. శుక్రకణాలు ఎక్కువగా ఉండేది నడుమ వచ్చే పాలలాంటి భాగంలోనే. చివర నీళ్లలా వచ్చే ప్రొస్టేట్ ద్రవం అందులో కలిస్తే నిల్వకు చేటు. రంగు పలచబడటం చూడగానే ఆవిడ గొట్టం తీసేశారు. అంతకుముందు మేం వెళ్లిన మరోచోట మొత్తం ఒకే గొట్టంలో పట్టారు. ఇదేమిటని అడిగితే విసుక్కున్నారు.

తర్వాత గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ ఉన్న ట్రిస్ ద్రావణం (ఆమ్లత మారకుండా చూసేది) కలిపి నాలుగైదు డిగ్రీల దాకా నెమ్మదిగా చల్లబరిచారు. అప్పుడుగానీ ఈక్వెక్స్ అనే డిటర్జెంటు లాంటి పదార్థం ఉన్న రెండో ద్రావణం పోయలేదు. కరిగించాక కణాలు ఎక్కువసేపు బతకడానికి అది తోడ్పడుతుంది. ఆ వీర్యం నింపిన అర మిల్లీలీటరు స్ట్రాలను (సన్నటి గొట్టాలను) ముందు నత్రజని ఆవిరిలో ఉంచి, ఆపైన మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ముంచారు.

ఆ స్ట్రాలలో ఒకదాన్ని 37 డిగ్రీల నీటిలో కరిగించి, సూక్ష్మదర్శిని కింద నాకూ చూపించారు. చల్లటి గాజు పలక మీద కణాలు మందగిస్తాయని పలకను కూడా వెచ్చబెట్టారు! సగానికి పైగా కణాలు చురుగ్గా ముందుకు ఈదుతున్నాయి. ఉన్నచోటే గిరగిర తిరిగేవాటిని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. మరోసారి సేకరించిన వీర్యంలో కదలిక బాగా తక్కువగా ఉంటే, దాన్ని గడ్డకట్టించడం దండగని చెప్పి పారబోశారు, రుసుము కూడా తీసుకోలేదు. అంత నిజాయితీ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆడ కుక్క విషయంలోనూ తొందరపడరు. కరిగించిన వీర్యం కణాలు ఎక్కువసేపు బతకవు. అందుకే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను రక్త పరీక్షతో అండాలు విడుదలైన రోజు పట్టుకుని, అవి పక్వానికి వచ్చే రెండు మూడు రోజుల తర్వాత ఎండోస్కోపు సాయంతో నేరుగా గర్భాశయంలోకే ఎక్కిస్తారు.

ఒక్కటి మారాలి. స్ట్రాలు దాచే క్యానులో ద్రవ నత్రజని మట్టం రాసే పుస్తకాన్ని మనం అడిగితేనే చూపిస్తున్నారు. అది తగ్గితే ఈ శ్రమంతా వృథా కాబట్టి, ప్రతి యజమానికీ నెలనెలా ఫోనుకు పంపాలి. మీరు వెళ్తే ఆ పుస్తకం తప్పక అడగండి. స్ట్రాల మీద కుక్క పేరు, మైక్రోచిప్ నంబరు, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకోండి.