రబ్బరు లేని తరగతి: విజయనగరంలో క్విక్ స్కెచింగ్ శిక్షణ

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు సాధన చేసినవారిలో చాలామందికి కొన్ని అలవాట్లు పాతుకుపోతాయి. పెన్సిలును మొన దగ్గర బిగించి పట్టుకుంటారు, చిటికెన వేలు కాగితానికి ఆనించి మణికట్టుతోనే గీస్తారు, అంగుళం గీసి అర అంగుళం చెరిపేస్తారు. ఫోటో మీద గళ్లు గీసి ముఖచిత్రాలు వేసే పద్ధతి కూడా దీనికి తోడైతే, పోలిక కుదురుతుంది గానీ ఎదుటి మనిషి కాస్త కదలగానే చేయి ఆగిపోతుంది. విజయనగరం కోట సమీపంలోని ఒక చిత్రకళా శిక్షణాలయం ఆదివారాల్లో నిర్వహిస్తున్న క్విక్ స్కెచింగ్ తరగతులు ఈ ఇబ్బంది ఉన్నవారిని ఉద్దేశించినవే. నేనూ ఆ కోవకు చెందినవాడినే గనుక చేరాను. నెలకు రుసుము 1,200 రూపాయలు. కాగితం, బొగ్గుపుల్లలు మనమే తెచ్చుకోవాలి.

తరగతిలో అడుగుపెట్టేముందే రబ్బర్లను గుమ్మం దగ్గరి డబ్బాలో వేయించుకుంటారు. కూర్చోనివ్వరు. ఏ2 పరిమాణపు న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికలు అచ్చేసే చవక రకం) కాగితాన్ని అట్టకు క్లిప్పులతో బిగించి, నిలబడి, చేయి చాచి గీయాలి. తరగతిలోనివారే వంతులవారీగా మోడల్‌గా నిలబడతారు. మొదట 30 సెకన్ల భంగిమలు, ఆ తరువాత నిమిషం, రెండు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు. అరనిమిషంలో కన్నూ ముక్కూ గీసే వ్యవధి ఉండదు కనుక, తల నుంచి బరువు మోస్తున్న పాదం దాకా సాగే ఒకే గీతను, భుజాల వాలును, దానికి ఎదురుగా ఒరిగే నడుము వాలును పట్టుకోవడం తప్ప గత్యంతరం లేదు. అంత పెద్ద కాగితం మీద మణికట్టు తిప్పితే వచ్చే వంపు కొద్ది అంగుళాలకే ముగిసిపోతుంది. భుజం నుంచి చేయి కదిపినప్పుడే నిలువెత్తు వంపు ఒక్క ఊపులో వస్తుంది. విల్లో చార్‌కోల్‌ను, అంటే విల్లో చెట్టు పుల్లలను కాల్చి చేసిన బొగ్గును, అడ్డంగా పట్టి గీయించడం కూడా మంచి నిర్ణయం, ఎందుకంటే సన్నగీతకు అవకాశమే లేనప్పుడు వివరాల యావ దానంతట అదే తగ్గుతుంది. బొగ్గుపొడిని అదిమి చేసే కంప్రెస్డ్ చార్‌కోల్ మాత్రం కొనకండి. అందులో పొడిని అంటిపెట్టి ఉంచే బంధకం కలిసి ఉండటం వల్ల నలుపు గాఢంగా పడుతుంది, వేలితో తుడిస్తే ఒక పట్టాన పోదు.

న్యూస్‌ప్రింట్ త్వరగా పసుపు రంగుకు తిరుగుతుందని కొందరు అసంతృప్తి వ్యక్తం చేశారు. నా మటుకు అదే దాని సుగుణం: దాచుకోలేని కాగితం మీద ఎవరూ భయపడుతూ గీయరు.

ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైనది గంటస్తంభం పరిసరాల బజారులో జరిగే ఉదయపు తరగతి. బయలుదేరేముందు 1938 నాటి హరిపుర కాంగ్రెసు సభల కోసం నందలాల్ బోస్ చిత్రించిన పోస్టర్ల ముద్రణలు చూపించారు; పనిలో ఉన్న మనుషులను వెడల్పాటి కుంచె గీతలతో ఆయన ఎంత తక్కువలో పట్టుకున్నాడో చూశాక బజారును చూసే తీరే మారుతుంది. నేను పూలు కట్టే ఒకామె ఎదుట నిలబడి, నారను మెలివేస్తున్న వేళ్లను గీయబోయాను. మాస్టారు వెనకనుంచి, "వేళ్లు వదిలెయ్యండి, మోచెయ్యి ఎక్కడిదాకా వెళ్లి వస్తోందో అది పట్టుకోండి" అన్నారు. అప్పుడు గమనిస్తే, ముడి బిగించిన ప్రతిసారీ ఆమె మోచేయి పక్కకు లేచి, ఎడమ భుజం కొద్దిగా కిందికి జారుతోంది; ఆ రెండు కదలికలనే నాలుగు గీతల్లో వేశాను. ఆమె తొంగిచూసి, "ఇది నానేటి బాబూ? సెయ్యి మాత్తరం నాదే" అని తేల్చేసింది. నెల మొత్తంలో నాకు దక్కిన విమర్శల్లో సూటి అయినది అదే.

లోపాలూ తక్కువేమీ కావు. గది చిన్నది, చేరినవారు ఎక్కువ. వెనక వరుసలో నిలబడితే మోడల్ పాదాలు కనబడవు, బరువు ఏ కాలి మీద ఉందో గమనించమని చెప్పే తరగతిలో ఇది చిన్న లోపం కాదు. ఎడమచేత్తో గీయించడం, కాగితం వైపు చూడకుండా గీయించడం వంటి అభ్యాసాలను అవసరానికి మించి సాగదీస్తారు. పిల్లలకు అది వినోదమే గానీ పెద్దలకు కొంతసేపటికి విసుగు పుడుతుంది. ఒక్కొక్కరి బొమ్మ చూసి విడిగా చెప్పే ఓపిక మాస్టారికి ఉన్నా, సమయం చాలదు. వేగంగా పట్టుకున్న భంగిమను నిలకడగా గీసే పెద్ద బొమ్మలోకి ఎలా తీసుకుపోవాలో అసలు చెప్పరు. ఆ మెట్టు మనమే వెతుక్కోవాలి. రుసుములో కలిపి ఇచ్చే వీడియో పాఠాల్లో తరగతిలో చెప్పినదే తప్ప కొత్తది లేదు.

పరీక్షల కోసం, లేదా గోడకు తగిలించే బొమ్మ కోసం చేరేవారికి నేను దీన్ని సూచించను. గళ్లు లేకుండా మనిషిని గీయలేకపోతున్నవారికి మాత్రం ఒక నెల రుసుము దండగ కాదు, రెండో నెల అవసరం లేదు. వర్షాలకు బజారు తరగతి తరచు రద్దవుతుంది, అక్టోబరు, నవంబరుల్లో తుపానుల బెడద కూడా ఉంటుంది కాబట్టి డిసెంబరు తరువాత చేరడం మేలు. డబ్బు కట్టేముందు ఆ నెలలో బయటి తరగతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి, ముందు వరుసలో చోటు కావాలంటే పావుగంట ముందే వెళ్లండి.